ఇసుకరాతి వాయువు కొఱకు అణువిస్ఫోటనములు

భూగర్భమున వాయువుండుట వేరు, ఆ వాయువు బావిలోనికి వచ్చుట వేరు. ఈ రెంటి నడుమ గల అంతరమును గుర్తెరుంగని వారికి, అమెరికా సంయుక్తరాష్ట్రముల శాస్త్రజ్ఞులు 1967 నుండి 1973 వరకు మూడు పర్యాయములు సహజవాయువు కొఱకై నేలలోపల అణుసాధనములను పేల్చిరను సంగతి నమ్మశక్యము కాని కథవలె తోచవచ్చును. కాని ఆ పనికి పూనుకొన్నవారు భూగర్భశాస్త్రమును, భౌతికశాస్త్రమును కూలంకషముగ నభ్యసించినవారు. వారిని వేధించిన సమస్య వాస్తవమైనది. వారు చూపిన పరిష్కారము కాగితముమీద లెక్కకు నిలిచినది. ఆ లెక్క భూమిలోనికి దిగిన పిమ్మట ఏమైనదో, ఎందువలన నట్లైనదో తెలిసికొనుట విజ్ఞానశాస్త్రమునందు అభిరుచి గల ప్రతివారికిని ప్రయోజనకరమని నా విశ్వాసము.

సహజవాయువు నేల క్రింద పెద్ద గుహలలో నిండి యుండునని పలువురు ఊహింతురు. అట్టి గుహలు లేవు. ఇసుకరేణువులు కోట్లకొలది సంవత్సరములు ఒత్తిడికి లోనై గట్టిపడి ఇసుకరాయి యైనప్పుడు, రేణువునకును రేణువునకును నడుమ మిగిలిన సూక్ష్మరంధ్రములలో వాయువు నిలిచి యుండును. రంధ్రము లుండుట యొకటే చాలదు. అవి యొకదానితో నొకటి కలిసి దారి యీయవలెను. మట్టికూజా గోడగుండ నీరు చెమర్చును, పింగాణిజాడీ గోడగుండ చెమర్చదు. రెండును మన్నుతో చేసినవే. శిలలకు గల ఈ దారి యిచ్చు గుణమును పారగమ్యత యందురు. 1856లో ఫ్రాన్సు దేశమున దిజోన్ నగరపు నీటిసరఫరాను గూర్చి కృషి చేసిన హెన్రీ డార్సీ యను ఇంజనీరు, ఇసుకగుండ నీరు పారు వేగమును కొలిచి దానికొక సూత్రమును ప్రకటించెను. నేటికిని పారగమ్యతకు డార్సీయే కొలమానము. మంచి వాయుక్షేత్రములందలి శిలల పారగమ్యత డార్సీలో పదవవంతో, వందవవంతో యుండును. అమెరికా పశ్చిమభాగమున రాకీ పర్వతముల నంటియున్న శాన్ హ్వాన్, పీయాన్స్, గ్రీన్ రివర్ ద్రోణులలో వాయువు విస్తారముగ నున్నను, అచ్చటి ఇసుకరాళ్లలో పెక్కింటి పారగమ్యత డార్సీలో లక్షవవంతునకును అంతకు తక్కువకును దిగి యుండును. అట్టి శిలలో బావి త్రవ్వినచో, బావి నానుకొనియున్న కొద్దిమేర రాతిలోని వాయువు కొన్నాళ్లు వచ్చి, ఆపై ధార సన్నగిల్లిపోవును. నిక్షేపము కండ్లయెదుట నున్నట్లే యుండును, చేతికి మాత్రము రాదు.

బావి చుట్టును గల శిలను పగులగొట్టి దారి కల్పింపవలెనను తలంపు పాతదే. 1865లో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనునాతడు మందుగుండు కూరిన గొట్టమును నూనెబావి యడుగునకు దింపి పేల్చి నూనెరాకను హెచ్చించెను. కొలది కాలములోనే మందుగుండునకు బదులు నైట్రోగ్లిసరీను వాడుకలోనికి వచ్చెను. 1947లో కాన్సస్ రాష్ట్రపు హ్యూగోటన్ క్షేత్రమున ద్రవమును తీవ్రమైన ఒత్తిడితో బావిలోనికి పంపి శిలను చీల్చు పద్ధతిని తొలిసారి ప్రయోగించిరి. అయితే 1960 ప్రాంతమున నున్న పంపులకు బిగువైన రాళ్లలో చాలినంత దూరము చీలికలను నడపగల శక్తి లేకుండెను. అట్టి తరుణమున, వేలకొలది టన్నుల మందుగుండు చేయవలసిన పనిని మూరెడు వెడల్పు గొట్టములో నిమిడిన యొక సాధనము రెప్పపాటులో చేయగలదని యెవరైన చెప్పినచో, వాయువ్యాపారులు చెవియొగ్గి వినుట సహజమే కదా.

చెప్పువారు సిద్ధముగనే యుండిరి. యుద్ధముకొఱకు పుట్టిన అణుశక్తిని నిర్మాణకార్యములకు మరలించు నుద్దేశముతో అమెరికా అణుశక్తి సంఘము 1957లో ప్లౌషేర్ అను కార్యక్రమమును నెలకొల్పెను. ఖడ్గములు నాగటికర్రు లగునను బైబిలు వాక్యమునుండి ఆ పేరు గ్రహింపబడినది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాల దానికి కేంద్రము. ఉదజని బాంబు నిర్మాణమున ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ టెల్లర్ దాని ప్రబలసమర్థకుడు. నౌకాశ్రయములను, కాలువలను, కనుమలను అణువిస్ఫోటనములతో త్రవ్వవచ్చునని వారు తలపోసిరి. 1962 జూలై 6న నెవడా ఎడారిలో 104 కిలోటన్నుల సెడాన్ విస్ఫోటనము 1,280 అడుగుల వ్యాసమును, 320 అడుగుల లోతును గల గోతిని క్షణములలో త్రవ్వినది. కాని దానితోపాటు లేచిన రేడియోధార్మిక ధూళి గాలిలో బహుదూరము పయనించెను. ఆ మరుసటి సంవత్సరమే కుదిరిన పాక్షిక పరీక్షానిషేధ సంధి, భూమిలోపల జరిగి, వ్యర్థము దేశపు సరిహద్దు దాటని విస్ఫోటనములను మాత్రమే అనుమతించెను. నేలను పైకెత్తు పనులకు అడ్డంకి కలిగినది గనుక, నేలలోపలనే ముగిసిపోవు పనులవైపు దృష్టి మరలెను. వాటిలో మొదటిది సహజవాయువు.

లోతుగ పాతిన అణుసాధనము పేలునప్పుడు ఏమి జరుగునో చెప్పకున్నచో పై కథ యర్థము కాదు. పూర్తిగ భూమిలోపలనే అణగిపోయిన తొలి విస్ఫోటనము 1957 సెప్టెంబరు 19న నెవడాలో జరిగిన రేనియర్ పరీక్ష. దాని బలము 1.7 కిలోటన్నులు. పిదప శాస్త్రజ్ఞులు ఆ కొండలోనికి మరల తొలిచి చూచి విస్ఫోటనపు ఆనవాళ్లను వరుసగ చదివిరి. సెకనులో పదిలక్షలవ వంతునకు లోపుగనే సాధనములోని శక్తి యంతయు వెలువడి, పరిసరమందలి శిల ఆవిరియగును. దానిని చుట్టిన శిల కరగును. ఒక కిలోటన్నునకు ఇంచుమించు వేయి టన్నుల రాయి ద్రవమగునని లెక్క. ఆ ఆవిరియొత్తిడికి చుట్టుపట్ల రాయి వెనుకకు నెట్టబడి గోళాకారమైన గహ్వర మేర్పడును. దాని నుండి బయలుదేరిన ఆఘాతతరంగము గహ్వరపు టంచునుండి అనేక రెట్లు దూరము శిలను నలిపి, చీల్చి, క్రమముగ బలహీనపడును. కరిగిన రాయి గోడలవెంట కారి అడుగున మడుగై గాజువలె గడ్డకట్టును. తరువాత కొన్ని క్షణములకో, కొన్ని గంటలకో, గహ్వరపు కప్పు నిలువలేక కూలును. దానిపై రాయి కూలును. ఆ కూలుట పైపైకి సాగి, పగిలిన బండలతో నిండిన నిట్టనిలువు స్తంభ మొకటి రూపొందును. శాస్త్రజ్ఞులు దానిని చిమ్నీ యని పిలిచిరి. బిగువైన ఇసుకరాతి నడుమ అట్టి చిమ్నీని నిర్మింపగలిగినచో, అది వందలయడుగుల ఎత్తును నూటయేబది యడుగుల వెడల్పును గల మహాకూపముగ పనిచేయునని, దాని గోడలనుండి వ్యాపించిన చీలికలు దూరపు వాయువును గుంజి తెచ్చునని వారు వాదించిరి. ఈ మార్గమున రాకీ పర్వతప్రాంతమునుండి మూడువందల లక్షల కోట్ల ఘనపుటడుగులకు మించిన వాయువు లభ్యము కాగలదని గనుల శాఖవారు అంచనా వేసిరి.

తొలి ప్రయోగమునకు గ్యాస్‌బగ్గీ అని పేరు. న్యూమెక్సికో రాష్ట్రమున ఫార్మింగ్టన్ పట్టణమునకు తూర్పున, కార్సన్ జాతీయారణ్యములో ఎల్ పాసో సహజవాయు సంస్థ, అణుశక్తి సంఘము, గనుల శాఖ కలిసి దీనిని తలపెట్టిరి. 4,240 అడుగుల లోతున, వాయువు గల ఇసుకరాతి పొరకు దిగువనే, 29 కిలోటన్నుల సాధనమును అమర్చి, బావిని గట్టిగ పూడ్చి, 1967 డిసెంబరు 10న పేల్చిరి. నేల కంపించెను గాని, పైకి రేడియోధార్మికత రాలేదు. 1968 జనవరిలో మరల బావి తొలిచి చూడగా, సుమారు 333 అడుగుల ఎత్తును, 160 అడుగులకు పైబడిన వ్యాసమును గల చిమ్నీ యేర్పడినదని తేలెను. శాస్త్రజ్ఞులు ముందుగ వేసిన లెక్కకు శిల ఇంతవరకు తలయొగ్గినట్లే. తదుపరి పరీక్షలలో ఆ బావినుండి సుమారు 29.5 కోట్ల ఘనపుటడుగుల వాయువు వెలువడినది. ఇరుగుపొరుగు బావులు ఇచ్చినదానికంటె అది కొన్నిరెట్లు అధికము. అయినను ఒక్క ఘనపుటడుగైనను ఏ యింటి పొయ్యికిని చేరలేదు. అంతయు బావివద్దనే మంటపెట్టి కాల్చివేయబడెను.

కాల్చివేయుటకు గల హేతువు ఈ విషయమునకంతటికిని కీలకము గనుక దానిని కొంత వివరింపవలసి యున్నది. అణువిస్ఫోటనమున పుట్టు రేడియోధార్మిక పదార్థములలో అధికభాగము, ప్లుటోనియము మొదలగునవి, కరిగి గడ్డకట్టిన గాజులో బంధింపబడి కదలక యుండును. ఎనిమిది దినముల అర్ధాయువు గల అయొడిను, ఐదు దినముల అర్ధాయువు గల క్సెనాను కొన్ని నెలలు వేచియున్నచో తమంతట నశించును. మిగిలినవి మూడు: 10.8 సంవత్సరముల అర్ధాయువు గల క్రిప్టాను-85, 12.3 సంవత్సరముల అర్ధాయువు గల ట్రిటియము, 5,730 సంవత్సరముల అర్ధాయువు గల కార్బను-14. క్రిప్టాను దేనితోను కలియని జడవాయువు గనుక దానిని రసాయనచర్యతో పట్టి వేరుచేయుట దుస్సాధ్యము. ట్రిటియము ఉదజనియొక్క భారమైన తోబుట్టువు. అది విస్ఫోటనపు వేడిలో నీటియణువులోని ఉదజని స్థానమును, మీథేనులోని ఉదజని స్థానమును ఆక్రమించును. ట్రిటియము చేరిన మీథేనును ట్రిటియము లేని మీథేనునుండి పెద్దమొత్తమున వడగట్టుట కెట్టి చౌకమార్గమును లేదు. రెంటి రసాయనస్వభావ మించుమించుగ నొకటే. ఇక ఆ వాయువును పొయ్యిలో వెలిగించినప్పుడు మీథేనులోని ఉదజని ఆమ్లజనితో కలిసి నీటియావిరి యగును. ట్రిటియము ఆ యావిరిలోనే యుండి, గదిగాలిలో కలిసి, వంట చేయు నిల్లాలి శ్వాసలోనికిని, చర్మములోనికిని ప్రవేశించును. పొగగొట్టము లేని పొయ్యిమీద వండుకొనుట మన తెలుగిండ్లలో పరిపాటి గనుక ఈ యంశమును మనము మఱింత సులభముగ గ్రహింపగలము.

ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు ఇట్టి వాయువును నగరముల గృహములకు పంచినచో ఒక్కొక్కరికి చేరు వికిరణపు మోతాదును శ్రద్ధగ లెక్కించి, అది నేలనుండియు నాకాశమునుండియు మనకు సహజముగ వచ్చు మోతాదుకంటె చాల తక్కువ యగునని చూపిరి. ఆ లెక్క తప్పని నే ననను. కాని తనకు తెలియకుండ, తన సమ్మతి లేకుండ, ఇతరులు తక్కువ యని నిర్ణయించిన మోతాదును తన బిడ్డలకు పట్టింప నొల్లని తల్లిని అజ్ఞానురాలని త్రోసిపుచ్చుటకు ఎవరికిని అధికారము లేదని మాత్రము నేను దృఢముగ తలంతును. అదియును గాక, మొదట వచ్చిన వాయువు దహనమునకు కూడ అంత మేలైనది కాదు: విస్ఫోటనపు వేడికి శిలలోని కార్బనేటులు విడివడి పుట్టిన బొగ్గుపులుసు వాయువు దానిలో గణనీయముగ కలిసియుండుటచే, అంతే పరిమాణము గల మామూలు వాయువుకంటె అది తక్కువ వేడి నిచ్చెను.

రెండవ ప్రయోగము కొలరాడో రాష్ట్రమున గార్‌ఫీల్డ్ జిల్లాలో, రూలిసన్ అను చోట, ఆస్ట్రల్ ఆయిల్ అను సంస్థ పూనికతో జరిగినది. ఈ పర్యాయము ట్రిటియమును తగ్గించుటకై కేవలము అణుకేంద్రపు విచ్ఛిత్తి మూలముననే పనిచేయు సాధనమును ఎన్నుకొనిరి. లోతును ఇంచుమించు రెట్టింపు చేసి 8,426 అడుగులకు దింపిరి. ప్రజలలో కొందరు న్యాయస్థానముల నాశ్రయించి ఆపజూచిరి, న్యాయస్థానములు ఆపలేదు. గాలివాటు అనుకూలింపక సెప్టెంబరు తొలివారమున జరుగవలసినది వాయిదా పడినది. 1969 సెప్టెంబరు 10న, సమీపగృహములలోని వారిని ఖాళీచేయించిన పిమ్మట, నిషిద్ధప్రదేశములోనికి చొరబడి తమ దేహములనే అడ్డుపెట్టదలచిన నిరసనకారులు కొందరు ఇంకను ఆ కొండలలో నుండగనే, మధ్యాహ్నము 3 గంటలకు 43 కిలోటన్నుల సాధనము పేలినది. హిరోషిమాపై పడిన బాంబు బలమునకు ఇది ఇంచుమించు మూడురెట్లు. కొండచరియలనుండి రాళ్లు దొరలినవి. చుట్టుప్రక్కల ఊళ్లలో ఇండ్ల పొగగొట్టముల ఇటుకలు రాలినవి. నష్టపరిహారములకై వందలకొలది అర్జీలు వచ్చినవి. ఆ తరువాత 1970 అక్టోబరు మొదలు 1971 ఏప్రిలు వరకు జరిగిన పరీక్షలలో 45.5 కోట్ల ఘనపుటడుగుల వాయువు వెలువడి, అదియు గాలిలో కాలి పోయినది. ఆనాడు అమెరికాలో బావివద్ద వాయువు ధర వేయి ఘనపుటడుగులకు సగటున 17 సెంట్లు. ఆ వాయువు నంతటిని అమ్మగలిగినను 78 వేల డాలర్లైనను రాకపోవును. ఆ యొక్క ప్రయోగమునకైన వ్యయమో, లక్షలలో లెక్కింపవలసినది.

ధర సంగతి యట్లుండనిండు. శాస్త్రదృష్టితో చూచినప్పుడు నాకు మిక్కిలి ఆసక్తి గొలుపునది మరియొకటి. అంత పెద్ద విస్ఫోటనము వాయుధారను అంత కొద్దిరెట్లు మాత్రమే హెచ్చించుట యేల? బావి చుట్టును గల శిలనుండి వాయువు నలువైపులనుండి కేంద్రమునకు పారునప్పుడు, డార్సీ సూత్రమును బట్టి, ధారపరిమాణము బావి వ్యాసార్ధమునకు అనుపాతముగ పెరుగదు. వాయువు నిచ్చు ప్రదేశపు వ్యాసార్ధమును బావి వ్యాసార్ధముతో భాగించిన లబ్ధమునకు సంవర్గమానము ఎన్నిరెట్లు తగ్గునో అన్నిరెట్లే పెరుగును. లెక్క వేసి చూతము. బావి వ్యాసార్ధము పావడుగు, వాయువు నిచ్చు ప్రదేశపు వ్యాసార్ధము 1,500 అడుగులు అనుకొందము. అణువిస్ఫోటనముతో బావి వ్యాసార్ధమును పావడుగు నుండి 80 అడుగులకు, అనగా 320 రెట్లు పెంచితిమి. ధార పెరుగుట సుమారు మూడురెట్లు మాత్రమే. చీలికలు 250 అడుగుల వరకు వ్యాపించి ఆ మేర యంతయు చిమ్నీలో భాగమైనదని యుదారముగ నెంచినను ధార ఐదురెట్లకు చేరదు. మిగిలిన శిల తన బిగువు తాను వదలలేదు. దూరమందలి వాయువు మునుపటి వేగముతోనే నడచి రావలెను. మొదట్లో ఉబికివచ్చిన ధారలో అధికభాగము చిమ్నీ ఖాళీలలో అప్పటికే నిండియున్న నిలువ. ఆ నిలువ తరిగిన కొలది బావి తన నిజస్వరూపమును చూపెను.

దీనికి మరియొక కారణము తోడైనది. ఎనిమిదివేల యడుగుల లోతున శిలపై గల బరువు అపారము. విస్ఫోటనము చీల్చిన పగుళ్లను తెరిచి నిలుపు ఆధారము ఏదియు లేనందున, ఆ బరువునకు వాటిలో పెక్కు మరల మూసికొనిపోవును. ద్రవపు ఒత్తిడితో శిలను చీల్చువారు ద్రవముతోపాటు ఇసుకను పంపుదురు. ఒత్తిడి తగ్గిన పిమ్మట ఆ యిసుకరేణువులు పగులు పెదవులు కలియకుండ అడ్డుకొనును. అణువిస్ఫోటనమునకు అట్టి రేణువు లెవరును అందింపలేరు.

ఒక్క విస్ఫోటనము చాలకున్నచో ఒకే బావిలో పెక్కింటిని పేల్చి పొడవైన చిమ్నీని కల్పింపవచ్చునను ఆలోచన మూడవ ప్రయోగమునకు దారితీసినది. కొలరాడోలోనే రియో బ్లాంకో జిల్లాలో, 1973 మే 17న, 5,838, 6,230, 6,689 అడుగుల లోతులలో ఒకదానిపై నొకటిగ నమర్చిన మూడు సాధనములను ఒకేసారి పేల్చిరి. ఒక్కొక్కటి సుమారు 33 కిలోటన్నులు. మూడు గహ్వరములును కలిసి ఏకస్తంభ మగునని ఆశించిరి. తరువాత తొలిచి చూడగా పై గహ్వరమునకును క్రింది వాటికిని దారి కలియలేదని స్పష్టమైనది. వాయువును ఆశించినంత రాలేదు. దీనితోపాటే వ్యోమింగ్ రాష్ట్రమున పైన్‌డేల్ పట్టణమునకు సమీపమున, 100 కిలోటన్నుల సాధనములను ఐదింటిని ఒకదాని తరువాత నొకటిగ పేల్చ నెంచిన వ్యాగన్ వీల్ ప్రతిపాదన నడచుచుండెను. ఆ ప్రాంతపు పశుపోషకులును, గృహస్థులును సంఘముగ నేర్పడి, ప్రభుత్వపత్రములను స్వయముగ చదివి, ప్రశ్నలు వేసి, ఆనకట్టలకు, ఇండ్లకు, నీటికి కలుగు నష్టములను గూర్చి యధికారులను నిలదీసిరి. 1972 నవంబరున అనధికారముగ జరిపిన ఓటులో సబ్లెట్ జిల్లావాసులు అధికసంఖ్యలో దీనిని తిరస్కరించిరి, విస్ఫోటనము జరుగనేలేదు. 1974లో కొలరాడో ఓటర్లు తమ సమ్మతి లేనిదే రాష్ట్రమున అణువిస్ఫోటన మేదియు జరుగరాదని రాజ్యాంగమునే సవరించుకొనిరి. 1977 నాటికి ప్లౌషేర్ కార్యక్రమము మూతబడెను. శిల కొంత, ధర కొంత యడ్డుపడిన మాట నిజమే. కాని ఎవరి నేలక్రింద ఈ పని జరుగవలెనో, ఎవరి వంటింటిలో ఆ వాయువు వెలుగవలెనో, వారి మాటయే తుదిమాట యగుట నాకు ఈ చరిత్రలో ఎంతయు సంతసము గూర్చు ఘట్టము.

సోవియట్ దేశమున శాంతికార్యముల కొఱకైన అణువిస్ఫోటనములు 1965 మొదలు 1988 వరకు 120కి మించి జరిగినవి. 1965లోనే బష్కీరియాలో నూనెరాకను పెంచుటకు కొన్ని పేల్చిరి. వారు సాధించినవాటిలో మిక్కిలి ఖ్యాతి కెక్కినది వాయువును రప్పించుట కాదు, ఆపుట. ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్తబులాక్ క్షేత్రమున 1963 డిసెంబరులో అదుపుతప్పి అంటుకొనిన బావి దాదాపు మూడేండ్లు మండినది. దినమునకు కోటి ఘనపు మీటర్లకు మించిన వాయువు వృథాయైనది. చివరకు దాని ప్రక్కగ ఏటవాలుగ బావి తొలిచి, సుమారు 1,500 మీటర్ల లోతున, 1966 సెప్టెంబరు 30న 30 కిలోటన్నుల సాధనమును పేల్చిరి. ఆ ఒత్తిడికి మెత్తని మట్టిరాతి పొర మండుచున్న బావిని నొక్కివేయగా 23 సెకనులలో మంట చల్లారినది. 1995 జనవరిలో కోనసీమలోని పాసర్లపూడి వద్ద బావి మంటలు 65 దినములు ఆకసమంటుట చూచిన మనవారికి మూడేండ్లు మండు బావి యెట్టి యుపద్రవమో వేరుగ చెప్పనక్కరలేదు. పాసర్లపూడి బావిని మామూలు యంత్రసాధనములతోడనే అదుపులోనికి తెచ్చిరి. ఉర్తబులాక్ ఉదాహరణము మన ప్రస్తుతవిషయమునకు కూడ వెలుగు నిచ్చుచున్నది: ఒకచోట దారి తెరచునని నమ్మిన శక్తియే మరియొకచోట దారిని మూసినది. మెత్తని శిల నలిగి ముద్దయగును, గట్టి శిల పగులును. ఏ శిలయైనను విస్ఫోటనకేంద్రమునకు దగ్గరగ నున్న మేర మాత్రము నొక్కబడును.

భారతదేశము 1974 మే 18న పోఖరానులో జరిపిన పరీక్షను శాంతియుత అణువిస్ఫోటనముగ ప్రకటించినప్పుడు, గనుల త్రవ్వకమునకును మట్టిపనులకును ఇట్టి విస్ఫోటనములు ఉపకరింపవచ్చునని చెప్పబడినది. అప్పటికి అమెరికాలో రియో బ్లాంకో ముగిసి ఏడాది గడచినది. మన దేశమున వాయువు కొఱకు అట్టి ప్రయోగము జరుగలేదు. 1996 నాటి సమగ్ర పరీక్షానిషేధ సంధి శాంతియుతమనియు, ఆయుధార్థమనియు భేదమెంచక అణువిస్ఫోటనముల నన్నిటిని నిషేధించినది. ఆ సంధిపై భారతదేశము సంతకము చేయలేదు.

అణువిస్ఫోటనము తెరువలేని ఇసుకరాళ్లను చివరకు తెరచినది నీరును ఇసుకయునే. రియో బ్లాంకో జిల్లాలోనే, విస్ఫోటనము జరిగిన మరుసటి సంవత్సరమున, భారీపరిమాణములో ద్రవమును పంపి శిలను చీల్చు ప్రయోగములు ఆరంభమైనవి. పంపుల శక్తి పెరిగెను. చీలిక ఏ దిశగ ఎంతదూరము పోవుచున్నదో సూక్ష్మకంపముల ద్వారా కనిపెట్టు విద్య వచ్చెను. ఒకే బావిలో పొరవెంట పొరగ పదుల చీలికలు కల్పించుట సాధ్యమయ్యెను. విస్ఫోటనము గోళాకారముగ నలుదిక్కుల శక్తిని వెదజల్లును. ద్రవపు చీలిక పలుచని తెరవలె వందలయడుగులు శిలలోనికి చొచ్చి, తక్కువ శక్తితో ఎక్కువ ఉపరితలమును తాకును. పైన చెప్పిన సంవర్గమానపు సంకెల ఇచ్చట సడలును. ఏలయన వాయువు ఒక బిందువునకు కాక, విశాలమైన తెరకు ఇరువైపుల నుండి చేరుచున్నది. వ్యాగన్ వీల్ తలపెట్టిన పైన్‌డేల్ ప్రాంతమున 1990 తరువాత ఈ పద్ధతిచేతనే గొప్ప వాయుక్షేత్రములు వెలసినవి. వాటివలన ఆ లోయగాలికిని, అడవి జంతువులకును కలిగిన చేటు వేరొక వ్యాసమునకు తగిన విషయము. ఆ చేటు లేదని నా యభిప్రాయము కాదు.

రూలిసన్ చుట్టును నేడు అట్టి బావు లనేకము ఉన్నవి. విస్ఫోటనస్థలమున 40 ఎకరముల మేర 6,000 అడుగులకు దిగువను త్రవ్వరాదని ప్రభుత్వము నిషేధించినది. దానికి అరమైలు లోపున బావి తలపెట్టువారు రాష్ట్రసంఘము నెదుట ప్రత్యేకముగ విచారణకు నిలువవలెను. సమీపపు బావులనుండి వాయువును, నీటిని తీసి ట్రిటియము కొఱకు పరీక్షించుచుందురు. 2018 నాటికి విస్ఫోటనము జరిగి నాలుగు ట్రిటియపు అర్ధాయువులు గడచినవి గనుక, నాడు పుట్టిన ట్రిటియములో పదునారవ వంతు మాత్రమే మిగిలినది. క్రిప్టాను అంతకంటె త్వరగ తగ్గినది. గాజులో చిక్కుకొనిన ప్లుటోనియమునకో, అర్ధాయువు 24 వేల సంవత్సరములు.